బాపు ఛార్జింగ్‌ల ఉన్నడు

మూడేళ్లలోపు పిల్లలకు మాటలు వేళకు వస్తున్నాయా లేదా చూడటం నా ఉద్యోగం. ఆ ఉద్యోగానికి ఇంగ్లీషులో ఒక పేరుంది. దాన్ని తడబడకుండా పలకగలిగిన వాళ్లకు నాతో పనిలేనట్టే. అందుకని ఊళ్లలో ఎవరూ ఆ పేరు జోలికి పోరు. జగిత్యాలలో మాటల మేడం అంటారు. కోరుట్లలో మాటల డాక్టరమ్మ. సిరిసిల్లలో మాత్రం "గా బొమ్మల అట్టలామె". మూడింటిలో ఈ చివరిదే నిజానికి దగ్గర. బొమ్మల అట్టలు, ఒక బంతి, ఒక గిలక్కాయ, సబ్బు బుడగల సీసా సంచిలో వేసుకుని బస్సెక్కుతాను. ఇంత చదువు చదివి బుడగలు ఊదుతున్నానని మా అమ్మకు లోపల కొంచెం వెలితిగానే ఉంది. పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే, "దవాఖానల చేస్తది" అని ఊరుకుంటుంది.

చిక్కంతా స్క్రీనింగ్ అనే మాటతోనే మొదలవుతుంది. నిజానికది జల్లెడ పట్టడం. అందరు పిల్లలనూ ఒకసారి చూసి, వీళ్లకు ఫరవాలేదు, వీళ్లను ఇంకోసారి నిదానంగా చూడాలి అని వేరుచేయడం, అంతే. గొల్లపల్లిలో మొదటిసారి శిబిరం పెట్టినప్పుడు ముందురోజు ఆటోలో మైకు కట్టి "రేపు ఉచిత స్క్రీనింగ్" అని తిప్పారు. మర్నాడు పిల్లలను ఎత్తుకుని తల్లులు వచ్చారు. వాళ్ల మధ్య ఒక పెద్దమనిషి, చంకలో ఎవరూ లేకుండా, ఓపిగ్గా వరుసలో నిలబడ్డాడు. తన వంతు రాగానే అద్దం పగిలిన ఫోను నా ముందు పెట్టాడు.

"స్క్రీన్ ఫ్రీగ ఏస్తరట గదా మేడం."

కాదని చెప్పాను.

"మరి గిదేం స్క్రీనింగు?"

న్యాయమైన ప్రశ్న. చిన్నపిల్లలకు మాటలు వస్తున్నాయో లేదో చూస్తామని చెప్పాను. ఆయన ఫోను జేబులో పెట్టుకుని కాసేపు ఆలోచించాడు. "మా మనుమడున్నడు. మూడేండ్లు నిండొస్తున్నయి, ఏం మాట్లాడ్తలేడు. తీస్కరానా?" అన్నాడు. తీసుకొచ్చాడు కూడా. ఆ మైకు వల్ల జరిగిన మేలు అదొక్కటే. కానీ తక్కువ మేలేమీ కాదు.

సిరిసిల్లలో చిక్కు ఇంకో రకం. అక్కడ మరమగ్గాలను సాంచెలంటారు. సాంచెలు నడిచే వీధిలో ఒక చిన్నపిల్ల ప్రతి మాటనూ గొంతు చించుకుని చెబుతోంది. పువ్వు బొమ్మ చూపిస్తే "పువ్వూ!" అని ఎంత గట్టిగా అరిచిందంటే నా చేతిలో అట్ట ఊగింది. చెవులు సరిగా వినపడని పిల్లలు ఒక్కోసారి ఇలాగే అరుస్తారు. నాకు అనుమానం వచ్చి, ఇంట్లోవాళ్లెవరినైనా పిలవమన్నాను. తండ్రి వచ్చి నా పక్కనే నిలబడి, "ఏమయింది మేడమ్!" అన్నాడు. పక్క వీధికి వినిపించి ఉంటుంది. పొద్దంతా సాంచెల చప్పుడులో మాట్లాడుకునే ఇల్లు అది. అయినా జగిత్యాలలో మా దవాఖానకు పిలిచి చెవి పరీక్ష చేయించాను. పిల్ల చెవులు భేషుగ్గా ఉన్నాయి. ఆ పూటకు కొంచెం దెబ్బతిన్నవి నావే.

అయితే నేను చెప్పాలనుకున్నది కోరుట్ల పిల్లవాడి సంగతి.

వాడు కోరుట్ల అంగన్‌వాడీలో మాకిచ్చిన గదికి బాపమ్మ చంకనెక్కి వచ్చాడు. మా వైపు తండ్రి బాపు, తండ్రిని కన్నామె బాపమ్మ. వెనకాల తల్లి, చేతిలో పిల్లవాడి చెప్పులు పట్టుకుని వచ్చింది. ఇద్దరూ ఇంట్లో బీడీలు చేస్తారు. పిల్లవాడికి రెండేళ్లు దాటాయి. బాపమ్మ ఇంకా కుర్చీలో కూర్చోకముందే తీర్పు చెప్పేసింది.

"వీనికేం లేదు బిడ్డా. వీళ్ల బాపు గుడ నాలుగేండ్లు అచ్చేదాక నోరు తెర్వలే. ఇప్పుడు సూడు, దుబాయికెల్లి ఫోన్ జేస్తే పెట్టుమన్నా పెట్టడు."

"నీ కొడుకు ముచ్చట గాదత్తా, నా కొడుకు ముచ్చట జెప్పు," అంది కోడలు మెల్లగా.

ఆలస్యంగా మాటలొచ్చి తర్వాత ఆపకుండా మాట్లాడే మగవాడు మా వైపు ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడు. వాణ్ని చూపించి పిల్లలను ఇంటిదగ్గరే ఉంచేస్తారు. మాటలు రాకుండానే ఉండిపోయిన వాళ్లు కూడా ఆ ఇళ్లలో ఉండే ఉంటారు. వాళ్ల సంగతి నాదాకా తీసుకురారు.

పిల్లవాణ్ని కింద దింపమన్నాను. వాడు నన్ను చూసి, బుడగల సీసాను చూసి, ఇద్దరిలో ఎవరు ముఖ్యమో వెంటనే తేల్చుకున్నాడు. చెప్పులు తీసుకురా అంటే నా చెప్పులే తెచ్చాడు, అదీ కుడిఎడమలు సరిగ్గా. చెప్పింది బాగా అర్థమవుతోంది. కళ్లలో కళ్లు పెట్టి చూస్తున్నాడు. కావలసినవి వేలు పెట్టి చూపిస్తున్నాడు. ఇవన్నీ మంచి సంగతులే. తక్కువైనవి మాటలు. కుక్క బొమ్మకు "బౌ" అన్నాడు. అన్నం గిన్నెకు "బూ" అన్నాడు. బంతికీ పువ్వుకూ నవ్వాడు. ఫోను బొమ్మ చూపించాను.

"బాపు," అన్నాడు. స్పష్టంగా, అనుమానం లేకుండా.

"అగో! నన్నే పిలిచిండు!" అంది బాపమ్మ. "బాపమ్మా అనబోయి సగం అన్నడు."

ఫోనును చూస్తే తండ్రి గుర్తొచ్చాడేమో అనుకున్నాను. నా ఫోను బల్లమీద పెట్టాను. "బాపు." అంగన్‌వాడీ టీచరు బటన్ల ఫోను పెట్టాను. "బాపు." కిటికీ బయట ఎవరో ఫోను చెవికి ఆనించుకుని పోతుంటే, ఆ ఫోను వైపు వేలు పెట్టి మళ్లీ "బాపు." వాడిని కోరుట్ల బస్టాండుకు తీసుకుపోతే ఎంత సంబరపడేవాడో.

ఇంతలో నా ఫోనుకు బ్యాటరీ అయిపోవస్తుంటే గోడ దగ్గర ఛార్జింగుకు పెట్టి, అలవాటుకొద్దీ మళ్లీ చేతిలోకి తీసుకోబోయాను. పిల్లవాడు గబగబా వచ్చి నా చెయ్యి పక్కకు తోసి, వేలు ఊపి, తన చేతిని నోటి దగ్గర పెట్టుకుని తింటున్నట్టు చూపించాడు. తల్లి మొహం ఎర్రబడింది.

"ఏమంటున్నాడమ్మా?"

"అదీ... బాపు బువ్వ తింటుండు, ముట్టద్దు అంటుండు మేడం."

అప్పుడు బయటపడింది మొత్తం నిఘంటువు. తండ్రి దుబాయికి పోయినప్పుడు వీడు నెలల పిల్లవాడు. అప్పటినుంచి తండ్రంటే రోజూ సాయంత్రం పప్పుడబ్బాకు ఆనించి పెట్టే ఫోను. "బాపు అచ్చిండు, దా" అంటే ఫోను మోగిందని అర్థం. ఊరికే పీకి పాడుచేస్తాడని, తెర ఆరిపోతే "బాపు పండుకున్నడు" అనేవారు. తీగ తగిలిస్తే "బాపు బువ్వ తింటుండు" అనేవారు. వాడు బుద్ధిగా నమ్మాడు. తిండి తినేవాళ్లను కదిలించకూడదన్న మర్యాద కూడా నేర్చుకున్నాడు.

"కింద పడితే?" అని అడిగాను. ఇది పరీక్షలో లేని ప్రశ్న.

"బాపుకు దెబ్బ తాకింది అంటది మా అత్త. వీడు అద్దం మీద ఊదుతడు."

"మరి స్విచాఫ్ అయితే?"

అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"గది మాత్రం ఏం అనలే బిడ్డా," అంది బాపమ్మ. "గదెందుకంటం?"

బాపమ్మ మనవడికి నీళ్లు తాగించడానికి బయటికి పోయాక తల్లి కుర్చీ ముందుకు జరుపుకుంది.

"మేడం, ఆయన వచ్చే నెల అస్తుండు. పోయినకాడికెల్లి ఇదే మొదటిసారి. ఫోన్ల రోజూ ఒకటే అడుగుతడు, నన్ను సూడంగనే వాడు ఏమంటడే అని. నేనేమో బాపూ అని ఉరికస్తడు అని చెప్పిన. ఇప్పుడు వీడు ఆయనను బాపు అంటడా? అనకుంటే ఎట్ల?"

మాటలకు గడువు పెట్టలేమని చెప్పాను. అది నిజం. ఆ పూట ఆమెకు పనికొచ్చే నిజం కాదు. పనికొచ్చేవి తర్వాత చెప్పాను. ముందు జగిత్యాలకు వచ్చి చెవి పరీక్ష చేయించాలి. ఈ రోజు నుంచి ఫోను ఫోనే. తెరలో కనిపించే మనిషి బాపు, చేతిలో పట్టుకునేది ఫోను. వాడితో మాట్లాడేటప్పుడు వాడి ఎత్తుకు దిగి, మొహం చూస్తూ మాట్లాడాలి. ఏదైనా అడిగితే చటుక్కున ఇచ్చేయకుండా కాస్త ఆగాలి, వాడి నోటికి అవకాశం ఇవ్వాలి. బీడీలు చేసేటప్పుడు తంబాకు చాట వాడికి దూరంగా పెట్టి, ఆకు, దారం, నీళ్లు అని పేర్లు చెబుతూ ఉండాలి.

"గివన్ని మందులా?" అంది తిరిగొచ్చిన బాపమ్మ.

"మందులే."

"గోలీలు లేవా?"

"లేవు."

"గోలీలు లేని డాక్టరమ్మ," అంది ఆమె, నావైపు జాలిగా చూస్తూ.

చెవి పరీక్షకు జగిత్యాల వచ్చారు. చెవిలో చిన్న గొట్టం పెట్టి చూసే పరీక్ష అది. పిల్లవాడు పడుకుంటే మంచిది. వాడు పడుకోలేదు. బాపమ్మ జోకొట్టి జోకొట్టి తనే పడుకుంది. చివరికి తల్లి ఒడిలో బుడగలు చూస్తూ కదలకుండా కూర్చున్నాడు, పరీక్ష అయింది. చెవులు బాగున్నాయని చెబితే బాపమ్మ కళ్లు నులుముకుంటూ, "నాకు ఎర్కే. చాక్లెట్ కాయితం చప్పుడు పక్కింట్ల అయినా ఇనవడ్తది వీనికి," అంది.

ఆ తర్వాత వారం వారం కోరుట్లకు వచ్చారు. మాటలు ఒకటొకటిగా దిగడం మొదలుపెట్టాయి. "అవ్వ" వచ్చింది, అది తల్లికి. "దా" వచ్చింది. "నీ" అంటే నీళ్లు. "ఆకు" వచ్చిన రోజు బాపమ్మ మొదట నాకు కాదు, ఆటో అతనికి చెప్పింది. కాళ్లు, చేతులు, ముక్కు ఎక్కడున్నాయంటే ముట్టుకుని చూపించేవాడు, పేరు మాత్రం కొన్నిటికే చెప్పేవాడు. రానిదల్లా ఒకటి. రెండేళ్ల పిల్లలు రెండు మాటలను పక్కపక్కన పెడతారు. "అవ్వ దా", "బువ్వ పెట్టు", ఇలా. వినడానికి చిన్న విషయం. కానీ అక్కడే మాట పేరు పెట్టడం మానేసి కబురు చెప్పడం మొదలుపెడుతుంది. మావాడి మాటలు మాత్రం ఒక్కొక్కటే వచ్చి, ఒంటరిగా కూర్చుని, వెళ్లిపోయేవి. నేను దానికోసం చూస్తున్నాను. వాళ్లమ్మ చూస్తున్నది ఇంకోదానికోసం.

ఫోను సంగతి అంత తొందరగా తెమల్లేదు. అసలు ఇబ్బంది పిల్లవాడితో కాదు. "బాపు మోగుతుండు... గాదు గాదు, ఫోను, ఫోను," అని బాపమ్మ నాలిక కరుచుకునేది. ఆమె ఫోనే ఒకసారి నా ముందు మోగితే, "అగో ఫోన్ అచ్చిండు" అంది. సగం మెరుగుపడినట్టే లెక్కవేశాను.

తండ్రి వచ్చాడని నాకు ముందుగా చెప్పింది సెంటు వాసన. ఒక ఉదయం కోరుట్ల గది తలుపు తీసి ఉంది, ఆ వాసన వరండా మెట్ల దగ్గరే ఎదురైంది. లోపల పిల్లల కోసం వేసిన చిన్న కుర్చీలో ఒక పొడుగాటి మనిషి మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. పిల్లవాడు బాపమ్మ కొంగు వెనకాల ఉన్నాడు. కొంగు కొంచెం పక్కకు జరిగి ఒక కన్ను కనిపించింది. ఆ మనిషి నవ్వగానే కొంగు మూసుకుంది.

"నమస్తే మేడం," అన్నాడు తండ్రి లేవబోయి. కుర్చీ కూడా ఆయనతోపాటు లేచింది. "ఫోన్ల బగ్గ ముద్దులిచ్చేటోడు. ఎదురుంగ పోతే ఏడుస్తుండు."

"సెప్పురా," అంది బాపమ్మ. "నిన్న నువ్వు జేసిన ఘనకార్యం సెప్పు."

"ఏం లేదే అవ్వ..."

"ఏం లేదా? నేను సెప్తా."

"ఏం లేదు మేడం," అన్నాడు తనే తొందరగా. "నిన్న పొద్దుగాల బయటికి పోయి, గోడ చాటుకెల్లి ఇంట్లకే వీడియో కాల్ జేసిన."

"మాట్లాడాడా?"

"నవ్విండు. బాపు అన్నడు. ముద్దు గుడ పెట్టిండు." ఒక్క క్షణం ఆగాడు. "ఫోనుకు."

"పక్కింటామె సూసింది," అంది బాపమ్మ. "మీ వోడు దుబాయికెల్లి అచ్చిండన్నవు, ఇంకా ఇంట్లకు రాలేదా అని అడిగింది. ఏం చెప్పాలె నేను? గంత దూరంకెల్లి విమానమెక్కి అచ్చి వాకిట్ల నిలవడి ఫోన్ జేస్తుండు!"

అందరం నవ్వాం, ఆయనా నవ్వాడు. నవ్వు అయిపోయాక చేతిలో ఫోను అటూ ఇటూ తిప్పుతూ, "సెలవు గింతే ఉన్నది మేడం," అన్నాడు. "మళ్ల ఫోన్లకే పోవాలె గదా. ఫోన్ల బాపుగనే ఉంటె ఏమాయె అని గుడ అనుకున్న." ఆయన భార్య పిల్లవాడి చెప్పులు ఒకదానిమీద ఒకటి పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది.

గోడ చాటు నుంచి చేసిన ఫోను నాకు నచ్చింది. నేను చెప్పబోయేది దాదాపు అదే. ఆయన సగం దారిలో ఆగిపోయాడు, అంతే. ఆయనను వరండాలోకి వెళ్లి మళ్లీ కాల్ చేయమన్నాను. భార్య ఫోను పిల్లవాడి ముందు పట్టుకుంది.

"బాపు!" అని పిల్లవాడు కొంగులోంచి బయటికి వచ్చాడు.

"ఏం జేస్తున్నవ్‌రా?" అంది ఫోను. "రానా లోపటికి? రావాల్నా?"

వచ్చేటప్పుడు ఫోను మొహం దగ్గరే పట్టుకుని, మాట్లాడుతూ, నెమ్మదిగా రమ్మన్నాను. ఆయన గడపలోకి రాగానే రెండు ఫోన్లూ కలిసి కీచుమని కూశాయి. పిల్లవాడు ఉలిక్కిపడి, ఫోనును చూశాడు, మనిషిని చూశాడు, మళ్లీ ఫోనును చూశాడు. గడపలో మనిషి చెయ్యి ఊపాడు. ఫోనులో మనిషీ ఊపాడు. గడపలో మనిషి నాలిక బయటపెట్టాడు. ఇది నేను చెప్పింది కాదు. ఫోనులోనూ నాలిక బయటికొచ్చింది. పిల్లవాడు నావైపు తిరిగి చూశాడు, ఇక్కడేదో మోసం జరుగుతోంది మీకు తెలుసా అన్నట్టు.

ఫోను కింద పెట్టేయమని తండ్రికి సైగ చేశాను. నేలమీద వెల్లకిలా పెట్టాడు. తల్లి చేతిలో ఉన్న తెరమీద ఇప్పుడు మా గది ఫ్యాను తిరుగుతోంది.

"బాపు?" అని పిల్లవాడు ఫ్యానును అడిగాడు.

ఎవరూ మాట్లాడొద్దని చెయ్యి ఎత్తాను. నా పనిలో అన్నిటికంటే కష్టమైనది ఇదే, పెద్దవాళ్లను కాసేపు ఊరుకోబెట్టడం. బాపమ్మ కొంగు నోట్లో కుక్కుకుని సహకరించింది. తండ్రి గోడకానుకుని నిలబడి ఊపిరి కూడా జాగ్రత్తగా పీలుస్తున్నాడు.

పిల్లవాడు తల పైకెత్తి ఆ మనిషిని చూడటం మొదలుపెట్టాడు. మొహం తెలిసిందే. మీసం తెలిసిందే. చొక్కా రెండో గుండీ దాకా తెలిసిందే, అక్కడితో ఫోను అయిపోతుంది. ఇక్కడ మాత్రం మనిషి అయిపోవడం లేదు. ఇంకా కిందికి ఉన్నాడు. వాడి చూపు చొక్కా అంచు దాటి, బెల్టు దాటి, మోకాళ్లు దాటి, నేలదాకా దిగింది. చెప్పులు బయట విడిచిన వట్టి పాదాలు. వాడు వాటి ముందు గొంతుక్కూర్చున్నాడు. వేలితో బొటనవేలిని పొడిచాడు. బొటనవేలు కదిలింది. చెయ్యి వెనక్కి లాక్కుని కిసుక్కున నవ్వాడు.

మళ్లీ పైకి చూశాడు. "బాపు," అన్నాడు.

తర్వాత కిందికి చూశాడు. "కాళ్లు."

తర్వాత మా అందరివైపూ తిరిగి, ఇంత పెద్ద సంగతి ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదన్నట్టు గట్టిగా అన్నాడు:

"బాపు కాళ్లు!"

"కాళ్లు మొక్కుతుండు!" అని బాపమ్మ నోట్లోంచి కొంగు తీసేసింది. "సూసిన్రా, కాళ్లు మొక్కుతుండు! గిది మా ఇంటి పెంపకం!"

ఎవరూ కాదనలేదు. తండ్రి అలాగే గోడకానుకుని నేలమీదికి జారి కూర్చుని, "ఉన్నయిరా," అన్నాడు. "ఉన్నయిరా కొడుకా. రెండున్నయి." ఇంకా ఏదో చెప్పబోయాడు కానీ రాలేదు. నాలుగేళ్లదాకా నోరు తెరవని మనిషి ఎలా ఉండేవాడో అప్పుడు కొంచెం తెలిసింది.

"ఫోన్ల ఎన్నడూ కాళ్లు సూపియ్యలే గదా," అంది తల్లి, ఎవరితోనూ కాదన్నట్టు. ఏడుస్తోందో నవ్వుతోందో నేను సరిగా గమనించలేదు. రాసుకోవడానికి పెన్ను వెతుక్కుంటున్నాను. పెన్ను చేతిలోనే ఉంది.

ఇంకా రావలసిన మాటలు చాలానే ఉన్నాయని, తండ్రి వచ్చినా పోయినా వారం వారం రావాలని, నా బాధ్యతగా చెప్పాను. సరే సరే అన్నారు. ఎవరూ నన్ను వింటున్నట్టు లేదు. పిల్లవాడు తండ్రి పాదాల మీద ఎక్కి నిలబడి, ఆయన వేళ్లు రెండు పట్టుకుని ఉన్నాడు. ఆయన వాణ్ని అలాగే మోస్తూ ఒక్కో అడుగే తీసి తీసి వేస్తూ వరండాలోకి నడిచాడు.

"గట్ల నడిస్తే ఆటో ఎప్పుడెక్కుతం రా?" అంది బాపమ్మ వెనకనుంచి.

"ఎక్కకుంటేందే అవ్వ. ఇంటిదాక గిట్లనే పోతం."

మెట్ల దగ్గర ఆయన ఆగాడు, ఎలా దిగాలా అని. పిల్లవాడు తల వెనక్కి వాల్చి, కిందినుంచి ఆ పొడుగాటి మనిషి గడ్డాన్ని చూశాడు.

"బాపు, నడు!"

బాపు నడిచాడు.